తొలిచూలు కాదమ్మా

చాండ్లర్, అరిజోనా
జూన్, 2007

అమ్మకి,

చరిత నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అల్లుడు, అత్తయ్య, నేను క్షేమం. నువ్వూ నాన్నా చెల్లీ బావున్నారని తలుస్తాను. నా కడుపులో బిడ్డని మాత్రం ఆ క్షేమంలో కలపలేదు, కింద రాస్తాను. ఫోన్‌లోనే చెబుదును, నీకు నచ్చని మాట రాగానే "లైన్ బాలేదే" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వాంతులు ఎప్పుడో తగ్గాయి. ఉసిరికాయ పచ్చడి అయిపోయింది, మళ్ళీ పంపద్దు. అత్తయ్య నన్ను రాచి రంపాన పెడుతోందా అన్నావు. లేదు. పొద్దున్నే ఎండ ముదరకముందే వాకింగ్‌కి తీసుకెళ్తుంది. ఇక్కడి ఎండ మన ఒంగోలు ఎండకి అమ్మమ్మ. ఏడో నెలలో గాజులు తొడిగిస్తారా అని కూడా అడిగావు. ఇప్పుడు వద్దన్నాను.

ఇక్కడ చెకప్‌కి వెళ్తే బరువు, బీపీ చూస్తారు, తర్వాత ప్రశ్నలు. మొదటి రోజే నర్సు అడిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రెగ్నెంట్ అయ్యావా అని. ఓ పక్క ఆయన, ఓ పక్క అత్తయ్య. నీ మాటే నా చెవిలో ఉంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. అయినా అది కడుపేం కాదు, నెల ఆలస్యమైంది, అంతే." నేను లేదన్నాను. రక్తం తీశారు. నాది నెగెటివ్ గ్రూపట, ఆయనది పాజిటివ్. రిపోర్ట్ చూసి డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, నీ రక్తంలో బిడ్డ రక్తంతో పోట్లాడే గుణం ఉంది, అది ఊరికే రాదు, బాగా ఆలోచించి చెప్పు అని. మళ్ళీ లేదన్నాను.

పోయిన వారం స్కాన్‌లో బిడ్డకి రక్తం బాగా తగ్గిపోయిందని తేలింది. నా రక్తమే బిడ్డ రక్తాన్ని విరిచేస్తోందట. వచ్చే వారం నా పొట్టలోంచి సూది పంపి బొడ్డుతాడులోకి రక్తం ఎక్కిస్తారు. బిడ్డ తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు అంది డాక్టరమ్మ.

అప్పుడు చెప్పేశానమ్మా. ఇద్దరి ముందూ చెప్పేశాను. పెళ్ళయ్యాక ఆయన ముందుగా ఇక్కడికి వచ్చేస్తే, నేను మనింట్లో ఉండగా మూడో నెలలో పోయిందని. నువ్వు నన్ను ఎవరూ ఎరగని గుంటూరు తీసుకెళ్ళి, ఆసుపత్రిలో నా పేరు నాగమల్లేశ్వరి అని చెప్పావని. బ్లడ్ గ్రూప్ చూడాలి, నెగెటివ్ అయితే తర్వాతి బిడ్డకి ముప్పు రాకుండా వెంటనే ఇంజెక్షన్ చెయ్యాలి అని అక్కడి డాక్టరు అంటుంటే, బస్సుకి టైమైందని నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావని. ఒక్క ఇంజెక్షనమ్మా! గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు.

మొదటిది నిలవలేదని తెలిస్తే నిన్ను ఏలుకోరే అని కదా నన్ను భయపెట్టావు? అత్తయ్య అంతా విని, "నాకూ రెండు పోయాయే. నన్నెవరు వదిలేశారు?" అంది. ఆయన మాత్రం కార్‌లో ఒక్క మాట అడిగారు. "అది నా బిడ్డ కూడా కదా చరితా?" అంతే. అప్పట్నుంచీ ఆఫీస్‌కి సెలవు పెట్టి హాస్పిటల్‌కి డ్రైవ్ చేస్తున్నారు, మందులు తెస్తున్నారు, నాతో మాట్లాడటం లేదు. నేను బతిమాలుకోవడం కూడా లేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలను?

సరిగ్గా ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. "తొలిచూలు కదా, జాగ్రత్త" అని రాశావు. ఎవరి కోసం రాశావమ్మా ఆ మాట? కవరు చింపేది నేను, చదివేది నేను. నీకూ నాకూ మధ్య కూడా ఆ అబద్ధం ఉండాలా? ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ రోజు బస్సులో నీ భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే నిమిరింది నువ్వే. అదీ ఆలస్యమేనా?

భానుశ్రీకి సంబంధాలు చూస్తున్నావట. ముందు దాని బ్లడ్ గ్రూప్ చూపించు. రేపు దానికేదైనా అయితే నోరు నొక్కకు, డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వు.

నీ టికెట్ నేనే కేన్సిల్ చేయించాను. అత్తయ్య వీసా ఎక్స్‌టెండ్ చేయిస్తున్నాం, పురిటికి ఆవిడే ఉంటుంది. కోపం లేదని రాయను, ఉంది. కానీ కోపంతో వద్దనడం లేదు. వచ్చే వారం బిడ్డ దక్కినా దక్కకపోయినా నేను గొంతెత్తి ఏడవాలి. నువ్వు పక్కనుంటే, "ఊరుకోవే, ఎవరైనా వింటారు" అంటావు.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తల్లి,
నీ పెద్దమ్మాయి
చరిత