కరగాల్సిన ఐసు

తమ్ముడూ,

మొన్న నీ సంవత్సరీకం అయింది. నిన్న మన నాగమణి నీ చేపల బుట్ట ఎత్తుకుని మొదటిసారి విజయవాడ బయల్దేరింది. ఆడపిల్ల ఒక్కతీ వెళ్లడమేమిటని నేనూ తోడు వెళ్లాను.

పామర్రులో బస్సు మారేటప్పుడు బుట్టలో చెయ్యి పెట్టి చూశాను. చేపల్లో చల్లదనం లేదు. ఐసేమో ఊక పోసి, గోనెలో చుట్టి పక్కన భద్రంగా ఉంది. మొదటి సరుకే పాడైతే ఇంక ఈ పిల్ల దగ్గర ఎవరు కొంటారని నాకు భయం వేసింది.

"కరిగిపోతుందని దాచాను పెదనాన్నా."

"కరగాలమ్మా. కరిగేటప్పుడే అది చేపల వేడిని లాక్కునేది."

అది నువ్వు నాకు చెప్పిన మాటే. అక్కడే రాయితో ఐసు పగలగొట్టి, ముక్కలు చేపల మధ్య సర్దాం. బస్సులో నీళ్లు కారాయి.

"ఏమ్మాయ్, నా బస్సులో కాలవ తవ్వుతున్నావా?" అని కండక్టరు కేకలేశాడు. పిల్ల బుట్టను ఒళ్లో పెట్టుకుంది.

నువ్వు సరుకు వేసే షావుకారు ఒక్కొక్క చేప మొప్పలు ఎత్తి చూశాడు.

"ఎర్రగానే ఉన్నాయి. రేపు కూడా పట్రామ్మా," అన్నాడు.

సాయంత్రం తడిసిన చీరతో పిల్ల గడపెక్కబోతే, రోజూ నీ మీద అరిచినట్టే మీ ఆవిడ గట్టిగా అరిచింది.

"ఆ నీచు బట్టలతో ఇంట్లోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

నువ్వు పోయాక ఆమె గొంతు వీధిలోకి వినబడటం ఇదే మొదలు. నాగమణి నీలాగే నవ్వుకుంటూ దొడ్డి దారిన వెళ్లింది.

మీ అన్నయ్య