పచ్చగా కనిపించే పాట

ఉరవకొండ,
17-8-1966

తమ్ముడు షావలికి,

ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించడానికి వస్తానని రాశావు. రావద్దు.

ఎనిమిదేళ్ల కిందట నూర్ మహమ్మద్ భంగు తాగి ఒక పాట కట్టాడు. అది వాయిస్తుంటే ఎండిన చేలన్నీ పచ్చగా కనిపిస్తాయనేవాడు. ఒక మధ్యాహ్నం పెళ్లి ఊరేగింపు వదిలి, వాయిస్తూనే చేలల్లోకి నడిచాడు. పాట ముగిసేదాకా క్లారినెట్ మనిషిని పిలవకూడదన్నది మన మేళం కట్టుబాటు కదా! మర్యాదగా నిలబడి చూశాం. నాలుగో రోజున క్లారినెట్ దొరికింది. మనిషి దొరకలేదు.

తర్వాత బసప్ప చేరాడు. ఆ పాట వద్దంటే, "ఒక్కసారి వాయిస్తే ఏమైతాదన్నా?" అన్నాడు. అతనూ అలాగే పోయాడు. మొన్న ఈరప్ప. అప్పుడు కూడా కట్టుబాటు తప్పకుండా నిలబడే చూశాం. మూడుసార్లూ క్లారినెట్ మాత్రమే తిరిగొచ్చింది.

ఇప్పుడు మనిషి లేక, డోలు వాయించే నేనే దాన్ని పట్టాను. ఆ పాట జోలికి పోకూడదనే అనుకున్నాను. నిన్న సగం మాత్రం వాయించాను.

ఈ ఏడు చినుకు పడలేదు. అయినా కిటికీలోంచి శనక్కాయ చేలు పచ్చగా కనిపిస్తున్నాయి. మీ వదిన రోషన్ బీకి చూపించాను. "యాడుండాది పచ్చగా? అంతా మాడిపోయిండాది గదా!" అని ఏడ్చింది.

షావలీ, మీ విడపనకల్లు దారిలో క్లారినెట్ వినిపిస్తే కట్టుబాటు చూడకు. అన్నా అని కూడా అనకు. పాట మధ్యలోనే, పేరు పెట్టి, గట్టిగా పిలువు.

నీ అన్న