పాలు ముట్టని బిడ్డ

అమ్మా, నీ కాళ్లకు మొక్కి, కాస్త నీ మీద అలిగి కూడా రాస్తున్నాను.

నన్నుంచుకున్న ఈ కంపెనీ మేడ నుంచి ఫోను చేస్తే వాళ్లు వింటారు. అందుకే కంపెనీ వంటింట్లో పనిచేసే కావేరి చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

నేను పుట్టకముందు జాతరలో దేవుని గొరవయ్య ఉపవాసముండి, నిలువెత్తు విల్లెక్కి, జరగబోయేది చెప్పే కారణికం పలికాడు కదా: "పాలు ముట్టని బిడ్డ నిలిచినకాడ నేల పండుతది, పరాక్!" గనికి భూములడిగితే కర్రలెత్తిన ఊరు కారణికానికి మాత్రం తల వంచుతుందని గుట్ట మీది కంపెనీ అప్పుడే కనిపెట్టింది. పిల్లలు లేరని వాళ్ల ఆసుపత్రికి మందుకు వెళ్లిన నీ కడుపులో నన్ను పెట్టింది అందుకే. నేల కింద బంగారముంటే నా పళ్లు జివ్వుమంటాయి. ఇంతవరకు నీకు తెలుసు. తెలియనిది చెబుతాను. నా ఒంటికి పాలు పడకుండా చేసింది కూడా వాళ్లే. మొన్న కంపెనీ డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, అదేదో గొప్ప పనితనమైనట్టు. నేను పాలు కక్కుకున్నప్పుడల్లా నీలోనే దోషముందని గోడకు తల కొట్టుకున్నావట కదమ్మా! నీ మీద అలక అందుకే. వాళ్ల మీది కోపం నాకింకా చల్లారలేదు.

ఈ జాతరకు నన్ను ఊరి ముందు నడిపిస్తారు. నేనెక్కడ నిలిస్తే అక్కడ గని. బంగారమంతా మన వీధి కిందే ఉంది. మన పొయ్యి దగ్గరికొస్తే దవడలు పట్టేస్తాయి. అక్కడ నిలిచానంటే ఊరే ఉండదు. అందుకే నిలవను. కంపెనీ వాళ్ల మేడ ముందు నిలుస్తాను. అందులో నాలాంటి పిల్లల్ని ఇంకా పెంచుతున్నారు. తవ్వడానికి ఊరే వచ్చి ఆ గోడలు పగలగొడితే వాళ్లూ బయటపడతారు. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారే, ఈసారి వెనక నుంచి నేనొక తోపు తోస్తాను. ఆ సందట్లో బస్సెక్కి రాయచూరులో కావేరి అన్న ఇంటికి పోతాను. నా మీద బెంగ పెట్టుకోకు.

నీ కొడుకు,
అమరేశ్

* * *

నాయనా అమరేశూ,

నువ్వనుకున్నట్టే అయింది. నువ్వు మేడ ముందు నిలవగానే జనం గడ్డపారలతో పడ్డారు. డాక్టరమ్మ జీపులో పారిపోయింది. అక్కడ ఎంత తవ్వినా రాయే. పిల్లల్ని మాత్రం ఇంటికొకరుగా ఎత్తుకొచ్చారు. నేనూ ఒక ఆడపిల్లను తెచ్చుకున్నాను. పాలు పడితే కక్కేసింది. ఈసారి నేను ఏడవలేదు.

కానీ నాయనా, ఆ పసివాళ్లకు నీలాగా దాచడం తెలియదు. తెల్లారేసరికి ఒక్కొక్కరే నడిచొచ్చి మన పొయ్యి చుట్టూ నిలబడ్డారు, దవడలు పట్టుకుని. వాళ్ల వెనక ఊరు. అందరికంటే ముందు నా తోడబుట్టినవాడు, మీ బసవప్ప మామ.

"అక్కా, జర అటు జరుగు. కారణికం తప్పుతదా?" అన్నాడు.

"ఊరే పోతది గదరా!" అన్నాను.

"పోతే పోనీ. దేవుని మాట నిలవాలె గద," అన్నారు వెనక నుంచి.

కంపెనీ వాళ్లయితే చీపురు తిరగేసేదాన్ని. వీళ్లు నాకు పురుడు పోసినవాళ్లు, మీ నాయన పాడె మోసినవాళ్లు. ఎవరి మీద ఎత్తను? పిల్లను ఒళ్లో పెట్టుకుని పొయ్యికి అడ్డంగా కూర్చున్నాను. ఇక్కణ్ణుంచే చెబుతుంటే కావేరి రాస్తోంది. నన్నెవరూ ముట్టుకోలేదు, కసరలేదు. నేను లేచేదాకా ఆగుతామని డోలు తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. అన్నం కూడా పంపిస్తున్నారు.

నువ్వు మాత్రం రాకు.

మీ అమ్మ,
పంపమ్మ