అట్టడుగున నీ పేరు

ఆదివారం. ముసురు. పొద్దున మరమగ్గానికి నూనె వేశాను.

తమ్ముడూ, నువ్వు మగ్గాల షెడ్డువాళ్లతో మొదలుపెట్టిన ఫుట్‌బాల్ పోటీ నీ ఫోన్‌లో ఇంకా నడుస్తోంది. ఒక్కొక్కరు నిజం ఆటగాళ్లను ఏరుకుని ఫోన్‌లో ఒక జట్టు కడతారు, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. వారానికొకసారి అందరికంటే తక్కువ పాయింట్లు వచ్చినవాడు బయటికి పోతాడు. అతని ఆటగాళ్లను మిగిలినవాళ్లు పంచుకుంటారు. పన్నెండుమందిలో ఐదుగురు మిగిలారు. నువ్వు పోయాక నీ జట్టును నేను ముట్టుకోలేదు. ఈ వారం నీ పేరు అట్టడుగుకు వచ్చింది. నీ గోల్‌కీపర్‌కు కాలు విరిగింది.

మిగిలిన ఐదుగురిలో ఒకడైన పక్క మగ్గం సారయ్య మధ్యాహ్నం వచ్చాడు.

"అన్నా, కాలిరిగినోణ్ణి ఇంక పెట్టుకుంటవా? ఆరింటి ఆటకు ముందే జర మార్చరాదే."

"వాడు పెట్టినోణ్ణి నేనెట్ల తీస్త?"

"తియ్యకుంటే వాని పేరే పోతది. పోతే నాకు మంచిదే, వాని స్ట్రైకర్ మీద నాకెప్పటిసందో కన్నున్నది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నీ బట్టలు కూడా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఐదున్నరకు గోల్‌కీపర్ పేరు నొక్కాను. నిజంగా తీసెయ్యాలా అని ఫోన్ అడిగింది. అవునన్నాను. కొత్తవాణ్ణి పెట్టాను. ఆట మొదలై పావుగంటయింది. వాడు అప్పుడే రెండు గోల్స్ వదిలేశాడు. నీ పేరు ఇంకా కిందే ఉంది. రేపటికి మగ్గానికి నూలు కండెలు చుట్టి పెట్టుకోవాలి.