పెద్దదాని వెండి పన్ను

శుక్రవారం, రాత్రి

చాక్లెట్లు తినీ తినీ పన్ను పుచ్చిపోయేలా చేసుకున్న మా ఆరేళ్ల పెద్దదానికి ఇవాళ రూట్ కెనాల్ అయింది. "పాలపన్నే గదనే, ఎట్లైనా ఊడుతది. ఎందుకీ ఫికర్?" అని అత్తమ్మ పొద్దుటి నుంచి సణుగుతూనే ఉంది. "కొత్త పన్ను వచ్చేదాకా ఇదే దాని జాగ కాయాలె, అమ్మా," అన్నాడు డాక్టర్, ఆ మాటే నేనడిగితే. కుర్చీలో పిల్ల కదల్లేదు. దాని చెయ్యి పట్టుకున్న మా ఆయనే కళ్లు తిరిగి కూలబడ్డాడు.

పన్నుకు వేసిన స్టీలు తొడుగు చూసి కాశిబుగ్గలో మా వాడంతా "ఎండి పన్ను" అని మురిసిపోయింది. సణిగిన అత్తమ్మే ఉప్పుతో దిష్టి తీసింది.

హమ్మయ్య అనుకుంటూ వంటింట్లోకి వెళ్తే, నాలుగేళ్ల చిన్నది చక్కెర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏం జేత్తాన్నవే?"

"నాగ్గూడ ఎండి పన్ను గావాలె," అంది, నోటినిండా చక్కెరతో.