నాలుగంగుళాల కారు, ఆరంగుళాల దిబ్బ

కాశిబుగ్గ, వరంగల్
12-8-1984

మహారాజశ్రీ మామగారు మొగిలయ్య గారికి అల్లుడు సారంగపాణి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ కుమార్తె సారలమ్మా క్షేమం. కారు ఇదివరకటి కంటె క్షేమం.

మన పాత ఫియట్‌కు మూడు మార్పులు చేయించాను. ఒకటి: ఏడు రకాలు పరిశీలించి, వెడల్పైన కొత్త చక్రాలు వేయించాను. రెండు: ముందు స్ప్రింగులను చుట్టున్నర మేర కోయించాను. మూడు: వెనుక కమాన్ల నుండి ఒక్కొక్క పట్టీ తీయించాను. ఫలితంగా కారు రెండున్నర అంగుళాలు కిందికి దిగింది. దాని పొట్టకూ నేలకూ మధ్య ఇప్పుడు నాలుగంగుళాలు. మలుపుల్లో ఇక ఊగదు.

మెకానిక్ జలాల్ "సార్, జర సోచాయించుండ్రి" అని మూడుసార్లు అన్నాడు. నేను నాలుగుసార్లు ఆలోచించాను. మగ్గాలు బాగుచేసుకుంటూ, నిఘంటువు పక్కన పెట్టుకొని మోటారు పుస్తకాలు చదువుకున్నవాడిని. నా నలభై అయిదేళ్లలో చెప్పులు కాక నా కొలతకు చేయించుకున్న వస్తువు ఇది ఒక్కటే.

సద్దుల బతుకమ్మకు దానిలోనే వస్తాము.

విధేయుడు,
సారంగపాణి

తా.క.: సారలమ్మ కొత్త చక్రాలను చూసి "ఇంతేనా?" అన్నది. ఇది మెచ్చుకోలు అవునో కాదో ఇంకా నిర్ణయించలేదు.

—

పాలంపేట
20-8-84

అల్లుడు సారంగపాణికి మామ మొగిలయ్య దీవెనలు. నేను చెప్తాంటె బడిపంతులు నర్సయ్య రాస్తాండు.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిచ్చుకున్న. ఒక్కసారికి నమ్మబుద్ధి కాలే. మా బండికి కమాను ఇరిగితె ఏడుస్తం. నువ్వు అడిగి మరీ తీపిచ్చుకున్నవు! సడక్ దిగినంక మన ఇంటి దాంక బండ్ల బాట నీకెరుకనే. రెండు దిక్కుల గాడి, నడుమ దిబ్బ. నాలుగంగుళాల కారు ఆ దిబ్బ మీదికెల్లి ఎట్లొస్తది?

మస్తు సోచాయించిన. ఆఖరికి సమజైంది. మా ఇంటికి రావద్దనే కారును కిందికి దింపినవు. పోయిన దసరాకు నీ ఇస్తార్ల ముక్కలు తక్కువ పడ్డయని మనసుల పెట్టుకున్నవు. ఆ మాట మొఖం మీద అడగరాదా? దానికి కారు నడుము ఇరగ్గొట్టాల్నా?

ఇట్లు,
మామ

తా.క.: ఈయేటికి మేకపోతును సూసి పెట్టిన. నువ్వు రావని తెల్సినకాంచి అది మస్తు మేస్తాంది.

—

కాశిబుగ్గ
28-8-1984

మామగారికి నమస్కారములు. మీ నిందలకు వరుసగా జవాబు.

కారు నడుము విరగలేదు. మీ ఇంటికి రాకూడదన్న తలంపు నాకు లేదు. ముక్కల సంగతి నాకు జ్ఞాపకమే లేదు: నాకు ఆరు, తోడల్లుడు ఉప్పలయ్యకు తొమ్మిది, అందులో రెండు మూలుగ బొక్కలు. లెక్కపెట్టలేదు, కనిపించాయి.

కారును మాత్రం వెంట్రుకవాసి కూడా పైకి లేపను. దయచేసి దిబ్బ ఎత్తును దారంతో కొలిచి, ముడివేసి, కవరులో పంపగలరు. ఉపాయం నేను చూసుకొంటాను.

విధేయుడు,
సారంగపాణి

తా.క.: జానలలో చెప్పవద్దు. మీ జానకూ నా జానకూ పొత్తు కుదరదు.

—

పాలంపేట
10-9-84

అల్లునికి దీవెనలు. దారం పంపుతాన.

మా తాత తొక్కిన బాటకు కొలతలు తీపిచ్చినవు. నేను ఒంగి దారం పెడ్తాంటె ఊరు ఊరంత జమైంది. "ఏందే మొగిలయ్యా, అల్లునికి లాగు కుట్టిస్తానవా?" అని సమ్మమ్మ అడిగింది. నవ్వనోడు లేడు.

ఇగ ఇను. నువ్వు కారు లేపకుంటె నేను గడ్డపార ముట్ట. దిబ్బ మూడు తరాలది, నీ కారు మొన్నటిది. ఎవలు ఒంగాల్నో నువ్వే చెప్పు. బిడ్డను బస్సుల తోలు. నీకు బుద్ధైతె ఎనుక నడిసి రా.

మామ

తా.క.: ఉప్పలయ్య స్కూటర్ మీద వస్తాండట. ఈసారి నీకు ఆరు గూడ ఎక్కువే.

—

కాశిబుగ్గ
6-10-1984

మామగారికి, అలవాటు చొప్పున నమస్కారం.

మీ దారం ఆరంగుళాలు. ఎడమ చక్రాలు దిబ్బ మీద, కుడి చక్రాలు పొలం గట్టు అంచున నడిపితే పొట్టకు ఏదీ తగలదని లెక్కకట్టాను. ఖిలా వరంగల్ మట్టికోట పక్కన రెండు ఆదివారాలు సాధన చేశాను. బతుకమ్మ నాడు మీ బాట వాననీటితో నిండి, ఏమీ కనిపించలేదు. సారలమ్మ సడక్ మీదనే దిగి, "నువ్వు దారాన్ని నమ్ముకో, నేను కాళ్లను నమ్ముకుంట" అని నడిచిపోయింది. నేను దారాన్నే నమ్మి, నీళ్లలో దిబ్బ ఉండవలసిన చోటికి ఎడమ చక్రాలను పోనిచ్చాను.

అక్కడ దిబ్బ లేదు. కారు ఒరిగి, గట్టు మీద పొట్ట ఆనించి కూర్చున్నది.

అనగా మీరు తప్పుడు కొలత పంపారు. నన్ను ఊరి ముందర బురదలో నిలబెట్టడానికే పంపారు. అందుకే మీ గడప తొక్కక, మోకాళ్ల వరకు తడిసి, అటునుండి అటే బస్సెక్కాను. కారును పంపండి. మీ కుమార్తెనూ పంపండి. కారును పైకి లేపను. అడిగినా లేపను, అడగకపోయినా లేపను.

సారంగపాణి

తా.క.: బస్సు కిటికీలోనుండి ఉప్పలయ్య స్కూటరు కనిపించింది. అతడు చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

—

పాలంపేట
14-10-84

కోపగొండి అల్లునికి మామ దీవెనలు.

ఎడ్లు కట్టి కారును గుంజినం. ఏం ఇరగలే. కడిగి వాకిట్ల పెట్టిన.

మీ అత్త యాకమ్మ మోకాళ్లు ఒంగక ఆరేండ్ల సంది బస్సెక్కలే. నీ ఇల్లు గూడ ఇంకా సూడలే. మొన్న పొద్దుగాల నేను బయటికొచ్చేసరికి కార్ల కూసోని చిక్కుడుకాయలు తుంచుతాంది.

"ఎవలు ఎక్కిచ్చిన్రే నిన్ను?" అన్న.

"ఒకలు ఎక్కిచ్చుడేంది? నా మంచమెత్తే ఉన్నది. కూసున్న" అన్నది.

దిగుమంటె దిగుతలేదు. "అల్లుడు రానీ, ఇట్లనే వరంగల్ పోత, బిడ్డ ఇల్లు సూస్త" అంటాంది. సద్ది గూడ కార్లనే తింటాంది. వచ్చి ఇద్దరిని తోలుకపో. ఇగ ఆ కారును ఇంచంత లేపినవో, నా గడప తొక్కకు.

మామ

తా.క.: దారం అబద్ధం గాదు. దిబ్బ ఉండె. నేను గడ్డపార ముట్టలే. పంతులు నవ్వుకుంట రాస్తాండు, పట్టిచ్చుకోకు. వానకు కొట్టుకపోయింది. సడక్ కాంచి మొదలువెట్టి, సక్కగ మన వాకిలి దాంక కొట్టుకపోయి, ఆడ ఆగింది.