మానేరులో తెల్లవారుజాము నీళ్లు

కరీంనగర్, 1964 ఏప్రిల్, మంగళవారం

మొన్న మానేరు మడుగులో చేపలన్నీ చచ్చి తేలాయి. నీళ్లలో ప్రాణవాయువు కొలిచే ఉద్యోగం నాది. రోజూ మధ్యాహ్నమే కొలిచి ‘బాగుంది’ అని రాశాను. ఆ కాగితం చూసే, నీళ్లు బాగున్నాయి కాబట్టి విషమే కలిపాడని జాలరి రాజయ్యను పోలీసులు పట్టుకుపోయారు.

ఈరోజు తెల్లవారకముందే వెళ్లి కొలిచాను. ప్రాణవాయువు దాదాపు లేదు. పగలు ఎండలో పాచి వదిలినదంతా రాత్రి ఆ పాచే పీల్చేస్తోంది. విషం మాట అబద్ధం.

మా ఆఫీసరు ఈ కొత్త కాగితం తీసుకోకుండా తిరిగిచ్చేశాడు. "ఆఫీస్ టైంల తీసిందే రికార్డయ్యా."

బయట రాజయ్య భార్య లచ్చవ్వ నిలబడి ఉంది.

"తెల్లారంగ చేపలు నోర్లు తెరుస్తున్నయి, జర వచ్చి సూడుండ్రని మా ఆయన ఎన్నిసార్లు చెప్పిండు సారూ? ఒక్కనాడన్న వచ్చిండ్రా?"

నిద్ర లేవడానికి బద్ధకించి వెళ్లలేదు. ఆమెతో మాత్రం సైకిల్ పాడైందని చెప్పాను.